15 మీటర్ల ట్యూబులర్ వెబ్బింగ్: దారి లేని గండిలో ఇద్దరికి ఎంతవరకు ఆసరా

కాలిబాట లేని గండిలో ఇద్దరు నడుస్తుంటే ఇబ్బంది పెట్టేవి పెద్ద జలపాతాలు కావు. అవి దూరం నుంచే కనబడతాయి. వాటికి తాడు, హార్నెస్ (నడుముకీ తొడలకీ వేసుకునే పట్టీల కట్టు) కావాలని ఎవరికైనా తెలుస్తుంది. చిక్కంతా చిన్న మెట్లతోనే. రెండున్నర మీటర్ల నున్నటి గట్టు, రెండు గోడల మధ్య ఇరుక్కున్న బండ, అడుగు ఎక్కడ ఆనుతుందో పైనుంచి కనబడని దిగుడు. ఇలాంటి చోట పెద్ద తాడు విప్పడానికి ఎవరికీ మనసొప్పదు. ఏమీ లేకుండా దూకితే చీలమండ పోతుంది. ఈ రెండింటి మధ్య ఖాళీకి సరిపోయే సామాను 25 మి.మీ. ట్యూబులర్ నైలాన్ వెబ్బింగ్. చూడ్డానికి నవారులా ఉంటుంది గానీ లోపల గుల్ల. గొట్టంలా నేసి చదునుగా నొక్కినట్టు ఉంటుంది. 15 మీటర్ల ముక్క సుమారు 600 గ్రాములు తూగుతుంది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. చేతులూ కాళ్లూ వాడి ఎక్కి దిగే గండికి, ఇద్దరి జట్టుకి, బరువుకి తగ్గ ఉపయోగంలో దీనికి సాటివచ్చేది లేదు. అయితే ఇది తాడు కాదు. దీన్ని తాడనుకుని వాడితే ప్రమాదం. అమెరికన్ గండి రేటింగ్ పద్ధతిలో కష్టాన్ని 1 నుంచి 4 వరకు కొలుస్తారు. అందులో 2వ తరగతి అంటే చేతుల వాడకం తరచూ ఉంటుంది, పట్టుకు దిగడానికి, సంచులు దించడానికి తాడు పనికొస్తుంది. ఈ వెబ్బింగ్ హద్దు అదే. 3వ తరగతి నుంచి రాపెల్, అంటే తాడు మీద బరువు వేసి జారుతూ దిగడం మొదలవుతుంది. అక్కడ తాడు, హార్నెస్, దిగే పరికరం తప్పనిసరి. వెబ్బింగ్ పని అక్కడ యాంకర్ (తాడుని చెట్టుకో రాతికో పట్టి ఉంచే కట్టు) కట్టడం వరకే.

బలం సంగతి చూద్దాం. అమెరికా సైనిక ప్రమాణం ప్రకారం నేసిన అంగుళం ట్యూబులర్ నైలాన్ కనీస బలం 4,000 పౌండ్లు, అంటే దాదాపు 17.8 కిలోన్యూటన్లు (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కేజీల బరువు). యూరప్ ప్రమాణం ఈఎన్ 565 ప్రకారం తయారైన పట్టీ మీద పొడవునా వేరే రంగు గీతలు నేసి ఉంటాయి. ఒక్కో గీత 5 కిలోన్యూటన్లకు గుర్తు. మూడు గీతలుంటే 15. లేబుల్ పోయినా ఈ గీతలు మాట్లాడతాయి. ముడి వేస్తే బలం దాదాపు మూడో వంతు తగ్గుతుంది, తడిస్తే ఇంకొంత తగ్గుతుంది. అయినా 80 కేజీల మనిషి కదలకుండా వేలాడితే పడే భారం 0.8 కిలోన్యూటన్లే కాబట్టి బలానికి కొదవ లేదు.

కొదవ ఉన్నది సాగుడులో. ఎక్కడానికి వాడే డైనమిక్ తాడు పడిన మనిషిని సాగి ఆపుతుంది. ఒంటిగా వాడే సింగిల్ తాడును 80 కేజీల బరువు పడేసి పరీక్షిస్తారు, మొదటి పడటంలో కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు. వెబ్బింగ్‌కి ఆ గుణం లేదు. వదులుగా వేలాడుతున్న పట్టీ మీద రెండు మీటర్లు పడితే పట్టీ తెగకపోవచ్చు, కానీ ఆ కుదుపంతా నడుముకీ యాంకర్‌కీ పోతుంది. అందుకే దీనితో పని చేస్తున్నంతసేపూ పట్టీ బిగువుగా ఉండాలి. నడుముకి కట్టుకుని పైకెక్కుతూ కింద వదులు పెంచుకుంటూ పోవడం చేయకూడని పని.

కొనేటప్పుడు చేతిలోకి తీసుకుని చూడాల్సినవి రెండున్నాయి. మొదటిది నేత. గొట్టాన్ని ఒక చివర తెరిచి లోపలి అంచు చూడాలి. రెండు పక్కలూ ఒకేలా ఉంటే చుట్టుగా నేసింది. ఒక అంచున గొలుసు కుట్టులాంటి గీత కనబడితే చదును పట్టీని మడిచి అంచు కలిపింది. ఆ కుట్టు రాతికి రాసుకుని ఒకచోట తెగితే బారుగా ఊడిపోయే ప్రమాదం ఉంది. చుట్టు నేతే తీసుకోవాలి. రెండోది దారం. సంచులు కట్టే పాలీప్రొపిలీన్ పట్టీ కూడా రంగులో, వెడల్పులో ఇలాగే ఉంటుంది గానీ బలం తక్కువ, వేడికి త్వరగా కరుగుతుంది. అనుమానముంటే చిన్న ముక్క కత్తిరించి నీళ్లలో వేయాలి. నైలాన్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది. గొట్టంలో గాలి ఉంటే నైలాన్ కూడా కాసేపు తేలుతుంది కాబట్టి ముందు నీళ్లలో బాగా పిండి చూడాలి.

పట్టీ చివర్లు వేడి కత్తితో కోసి ఉండాలి, లేకపోతే పోగులు లేస్తాయి. అడ్డంగా కోసిన చివరకన్నా ఏటవాలుగా కోసింది ముడిలో సులువుగా దూరుతుంది. కరిగి గట్టిపడిన అంచు మాత్రం వేలు కోసేంత పదునుగా ఉంటుంది, గరుకు రాయి మీద కాస్త రుద్దాలి.

పొడవు విషయంలో మా సలహా: 15 మీటర్ల ముక్క ఒకటి, వేరే రంగులో 5 మీటర్ల ముక్క ఒకటి. ఒకే 20 మీటర్ల ముక్క కన్నా ఇది మేలు. పొడుగుది పట్టుకోవడానికి, పొట్టిది యాంకర్‌కి. రంగులు వేరైతే "ఎర్రది లాగు" అని కింద ఉన్నవాళ్లకి అరిచి చెప్పొచ్చు. గండిలో గొంతు గోడలకు కొట్టుకుని చెదిరిపోతుంది, పొడుగు మాటలు అర్థం కావు. 15 మీటర్లే ఎందుకంటే, పట్టీని చెట్టు చుట్టూ తిప్పి రెండు పాయలుగా వేస్తే ఒక్కో పాయ ఏడున్నర మీటర్లు వస్తుంది. చెట్టు అంచుకి రెండు మీటర్లు వెనకుంటే, మాను చుట్టుకి అర మీటరు పోతే, అంచు దాటి కిందికి వచ్చేది ఐదు మీటర్లు. నాలుగు మీటర్ల మెట్టుకి సరిపోతుంది. అంతకు మించిన మెట్టు, అదీ నిట్టనిలువుదైతే, చేతి పట్టుతో దిగాల్సింది కాదు. అందుకే ఇంకా పొడుగు ముక్క మోయడం వృథా.

దీని పెద్ద లోపం పట్టు. పొడిగా ఉన్నప్పుడు ఫరవాలేదు. తడిసి, బురద అంటిన చదును పట్టీని పిడికిలితో పట్టుకుంటే జారుతుంది. కాళ్లు గోడ మీద ఉండి, చేతులు తూకానికి మాత్రమే ఆనుకునే ఏటవాలు మెట్టుకి వట్టి పట్టీ చాలు. కాస్త నిలువైన చోట లూపులు వేసుకోవాలి. పట్టీని మడిచి మామూలు ముడి వేస్తే పిడికిలి పట్టేంత లూపు వస్తుంది, ఒక్కోటి 35–40 సెం.మీ. పట్టీని మింగేస్తుంది. అర మీటరుకొకటి చొప్పున నాలుగు మీటర్లకి ఏడెనిమిది లూపులు వేస్తే మూడు మీటర్ల పొడవు పోయిందన్నమాట, ఆ లెక్క ముందే వేసుకోవాలి. కాలికి వేసే లూపు ఇంకా పెద్దది కావాలి. ట్యూబులర్ పట్టీ బరువు పడగానే ముడుచుకుని బూటుని బిగించేస్తుంది, అప్పుడు పాదం బయటికి రాదు. లూపులోకి మణికట్టు దూర్చకూడదు, పట్టీని అరచేతికి మెలి తిప్పి చుట్టకూడదు. కాలు జారిన క్షణంలో ఆ మెలికే ఎముక విరుస్తుంది. జారకుండా ఉండాలంటే పట్టీని వీపు వెనకనుంచి తిప్పి, ఒక చేయి ముందు, ఒక చేయి పక్కన పెట్టి దిగడం నయం. పలచని తోలు చేతొడుగులు వేసుకోవాలి. పట్టీ జర్రున జారితే అరచేయి కాలుతుంది.

మొదట దిగేవాళ్లకి పైనున్న మనిషే యాంకర్ కావొచ్చు. నిలబడి పట్టుకుంటే కుదరదు. అంచుకి వెనగ్గా కూచోవాలి. రెండు మడమలూ ఏదో రాతికి తన్నిపెట్టాలి, పట్టీ నడుము వెనకనుంచి రావాలి, కాళ్లూ నడుమూ పట్టీ అంచు దాటే చోటూ ఒకే వరసలో ఉండాలి. ఈ వరస తప్పితే బరువు పడగానే మనిషి పక్కకి తిరిగిపోతాడు. అంచు మీద రాపిడి కొంత భారాన్ని తీసుకుంటుంది కాబట్టి అరవై కేజీల మనిషి ఎనభై కేజీల మనిషికి ఆసరా ఇవ్వగలడు, కిందనున్నవాళ్లు కాళ్ల మీదే బరువుంచితేనే. పూర్తిగా వేలాడాల్సిన చోట ఈ పద్ధతి పనికిరాదు. మెట్టు దిగేముందు "బరువు వేస్తున్నా" అని చెప్పడం, పైనుంచి "వేయి" అన్న మాట వినేవరకు ఆగడం, ఈ రెండూ మర్చిపోకూడదు.

ఇద్దరి జట్టులో అసలు ప్రశ్న రెండో మనిషి ఎలా దిగాలన్నదే. మొదటి మనిషికి పైన తోడుంది. రెండో మనిషికి పైన ఎవరూ లేరు. అందుకే మెట్టు దగ్గరికి రాగానే చూడాల్సింది మొదటి మనిషి దిగగలడా అని కాదు, చివరి మనిషి దిగగలడా అని. ఇద్దరిలో ఎక్కడం దిగడం బాగా వచ్చినవాళ్లు చివర ఉండాలి.

చివరి మనిషికి మూడు దారులున్నాయి. మొదటిది, కింద కాపు కాయడం. దిగినవాళ్లు గోడకి దగ్గరగా, ఒక కాలు వెనకేసి నిలబడి, వేళ్లు దగ్గరగా పెట్టి చేతులు ఎత్తి ఉంచాలి. వేళ్లు విరజిమ్మితే బొటనవేలు పోతుంది. పడేవాళ్లని ఎత్తి పట్టుకోవడం ఈ పని కాదు, నడుము దగ్గర పట్టి గోడ వైపు నెట్టి కాళ్ల మీద దిగేలా చేయడం. పై మనిషి పాదం చేతికి అందాక దాన్ని పట్టి సరైన పగులులో పెట్టొచ్చు, లేదా తొడ మెట్టుగా ఇవ్వొచ్చు. పాదం కిందున్నవాళ్ల తల ఎత్తు కన్నా బాగా పైనుంటే ఈ కాపు వట్టి ధైర్యమే.

రెండోది, రెండు పాయల పద్ధతి. బలమైన చెట్టు మొదలు చుట్టూనో, గట్టిగా నాటుకున్న రాతి కొమ్ము వెనకనో పట్టీని తిప్పి రెండు చివర్లూ కిందికి వదలాలి. దిగేవాళ్లు రెండు పాయలూ కలిపి పట్టుకోవాలి, కిందున్నవాళ్లు రెండు చివర్లూ చేతిలో ఉంచుకోవాలి. దిగాక ఒక చివర వదిలి రెండోది లాగితే పట్టీ వచ్చేస్తుంది. ఇక్కడ తప్పు జరిగేది ఒక్కచోటే: పట్టీలో ఒక లూపు ముడి విప్పడం మర్చిపోవడం. ఆ ముడి చెట్టు వెనక ఇరుక్కుంటుంది, పట్టీ పైనా మనుషులు కిందా మిగులుతారు. చివరి మనిషి దిగేముందు పట్టీ మొత్తం వేళ్ల మధ్య జార్చి ముడి ఏదీ లేదని చూసుకోవాలి. చదును పట్టీ రాతి చీలికలో దిగబడితే రాదు. కాబట్టి చివరి మనిషి అంచు దగ్గరికి రాగానే, ఇంకా పైన ఉండగానే, కిందివాళ్లు ఒక్కసారి లాగి కదులుతుందో లేదో చూడాలి.

మూడోది, యాంకర్ కట్టి పట్టీని అక్కడే వదిలేయడం. వచ్చిన దారినే తిరిగి వెళ్లే ప్రణాళిక అయితే ఇదే సరైనది. గండిలో దిగిన ప్రతిచోటా ఎక్కడం కుదరదు. పట్టీ లాగేసుకున్నాక ముందుకు దారి మూసుకుపోతే వెనక్కి ఎక్కే మార్గం ఉండదు. కాబట్టి పట్టీ లాగే ముందు ఒకరు ఆ మెట్టుని కింది నుంచి ఎక్కి చూపించాలి. ఎక్కలేకపోతే లాగకూడదు. ఉన్న రెండు ముక్కలూ అలా మెట్లకే అయిపోతే, మూడో మెట్టు దగ్గర వెనక్కి తిరగాలి.

యాంకర్‌కి చెట్టయితే బతికున్నది, తొడ మందం కన్నా లావైనది, వేళ్లు నేలలో ఉన్నది కావాలి. ఇసుక మేట మీద మొలిచింది పనికిరాదు. పట్టీ మొదట్లోనే ఉండాలి, పైకి జరిగితే మాను ఊగుతుంది. ఇరుక్కున్న బండ అయితే ఏ దిక్కుకి లాగితే ఇంకా బిగుస్తుందో ఆ దిక్కుకే బరువు పడాలి. 5 మీటర్ల ముక్కతో అడుగు మందం మాను చుట్టూ మూడు చుట్లు తిప్పి, చివర్లు వాటర్ నాట్ అనే ముడితో (అది వేసే తీరు కింద చెప్తాం) కలిపి, ముడి లేని రెండు చుట్లను ముందుకు లాగి పొడుగు ముక్కని వాటికి తగిలిస్తే ముడి మీద భారం దాదాపు పడదు. ఇది మాకు అన్నిటికన్నా నచ్చిన కట్టు. ఒకే చుట్టు వేసి బిర్రుగా కడితే రెండు పక్కల మధ్య కోణం పెరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర ఒక్కో పక్కకి పడేది భారంలో 58 శాతం, 120 డిగ్రీలైతే ఒక్కో పక్కకి మొత్తం భారమంతా పడుతుంది. లూపు పొడుగ్గా వదిలితే ఈ బాధ లేదు.

ఇక వాటర్ నాట్. వెబ్బింగ్ చివర్లు కలపడానికి అందరూ వాడే ముడి ఇదే, ఊడే ముడి కూడా ఇదే. ఒక చివరన వదులుగా, చదునుగా మామూలు ముడి వేయాలి. రెండో చివరను ఎదురు దిక్కునుంచి, మొదటి ముడి బయటికి వచ్చిన దారినే వెనక్కి తీసుకుపోవాలి. పట్టీ మీద పట్టీ పడుకోవాలి, ఎక్కడా మెలిక ఉండకూడదు. చివర్లు కనీసం 8 సెం.మీ. మిగలాలి. చేత్తో లాగితే చాలదు, ఒక మనిషి బరువంతా వేసి బిగించాలి. బరువు పడటం, తీయడం పదేపదే జరిగితే ఈ ముడిలో ఒక చివర కొంచెం కొంచెంగా లోపలికి పాకుతుంది, చివరికి బయటికి వచ్చేస్తుంది. తెగడం వల్ల కాదు, ఇలా పాకడం వల్లే ఇది మోసం చేస్తుంది. అందుకే ప్రతి మెట్టు దగ్గరా, ప్రతి మనిషి దిగే ముందూ చివర్ల పొడవు చూడాలి. రెండు అంగుళాలకి తగ్గితే విప్పి మళ్లీ కట్టాలి.

దొనల దగ్గర ఈ పట్టీ ఇంకో పని చేస్తుంది. గుండ్రటి గుంతలో నీళ్లు తగ్గి, అవతలి అంచు చేతికి అందకపోతే, సంచిలో నీళ్లో తడి ఇసుకో నింపి, పట్టీ కట్టి అంచు అవతలికి విసరాలి. సంచి బరువు, అంచు రాపిడి కలిసి పట్టీని పట్టి ఉంచుతాయి. ఒకరు కింద భుజం ఇస్తుంటే ఇంకొకరు ఆ పట్టీ పట్టుకుని జాగ్రత్తగా ఎక్కొచ్చు. ఎక్కినవాళ్లు కూచుని యాంకర్‌గా మారి రెండోవాళ్లని తీసుకోవాలి. ఆహారం, బట్టలు, ఫోను ముందే ఆ సంచిలోంచి తీసేయాలి. అంచు రెండు నిలువుల పైన ఉండి, పాదం ఆనడానికి అడుగులేని దొనలకి ఇది చాలదు. అలాంటివి ఉన్నాయని తెలిసిన గండికి వేరే సామానుతో, నేర్చినవాళ్లతో వెళ్లాలి. సంచులు దించడానికైతే వెబ్బింగ్‌ని మించింది లేదు. ఇరుకు చీలికలో గుండ్రటి తాడులా దొర్లదు, చిక్కుపడదు.

నైలాన్ మీద నైలాన్ బరువుతో జారితే కోస్తుంది, ఇది గుర్తుంచుకోవాల్సిన మాట. నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రాపిడి ఆ వేడి క్షణాల్లో పుట్టిస్తుంది. యాంకర్ పట్టీ లూపులోంచి ఇంకో పట్టీని జారుస్తూ మనిషిని దించడం ఎప్పుడూ చేయకూడదు. మధ్యలో కారబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) ఉండాలి. రాతి అంచు దగ్గర పట్టీ అడ్డంగా రంపంలా ఊగకుండా సంచినో, మడిచిన గుడ్డనో వేయాలి. ఇసుకరాయి గండిలో ఇది రాతిని కూడా కాపాడుతుంది, పట్టీ లాగిన చోటల్లా మెత్తటి అంచు మీద గాడి పడుతుంది. తడిసిన ఇసుకరాయి బలం బాగా కోల్పోతుంది. వాన వెలిసిన మర్నాడు పైకి పొడిగా కనబడినా పట్టులు ఊడి వస్తాయి. అలాంటి రోజు కొమ్ములకి పట్టీ తగిలించి బరువేయడం తగదు.

దారిలో ఎవరో వదిలేసిన పట్టీ కనబడుతుంటుంది. దాన్ని నమ్మి బరువు వేసేముందు వెనక్కి తిప్పి చూడాలి, చెట్టు వెనక భాగాన్ని ఎలుకలు కొరికి ఉండొచ్చు. ముడి లోపలి రంగూ బయటి రంగూ పోల్చాలి. బయట వెలిసి, అట్టలా బిర్రుగా ఉంటే ఎండ దాన్ని తినేసినట్టే. మా పద్ధతి ఒకటే: అనుమానమున్నదాన్ని కోసి సంచిలో వేసుకుని రావడం, మన 5 మీటర్ల ముక్క అక్కడ కట్టడం.

మరి దీనికి బదులు ఇంకేవైనా? 8 మి.మీ. నైలాన్ కార్డ్ (సన్నటి గుండ్రటి తాడు) బరువులో దాదాపు సమానం, బలం కొంచెం తక్కువ, కానీ గుండ్రంగా ఉండటం వల్ల అంచుల మీద దొర్లుతుంది, చీలికల్లో ఇరుక్కుంటుంది. 6 మి.మీ.ది తేలిక, చేతికి తీగలా కోసుకుంటుంది. డైనీమా అనే ప్లాస్టిక్ పోగుతో నేసిన పట్టీ బలమైనది, తేలికైనది, అయితే నున్నన, మామూలు ముళ్లు జారతాయి, 145 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కుట్టిన లూపులుగా వాడుకోవచ్చు గానీ చేత్తో ముడి వేసే పొడుగు పట్టీగా పనికిరాదు.

ఏ పట్టీ అయినా వరద ముందు పనికిరాదు. ఎక్కడో ఎగువన కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగానే గోడల మధ్యకి వస్తుంది. నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగు తిరిగినా, పుల్లలు కొట్టుకొచ్చినా, హోరు వినబడినా మెట్టు సంగతి వదిలేసి అందిన ఎత్తుకి ఎక్కాలి.

పట్టీని మెడలోనో భుజానికో చుట్టుకుని నడవకూడదు, కొమ్మకి తగిలితే లాగేస్తుంది. చిన్న గుడ్డ సంచి అడుగున ఒక చివర కట్టి మిగతాది చుట్టకుండా కుక్కేస్తే, లాగినప్పుడు చిక్కు లేకుండా వస్తుంది. ఆ సంచి వీపు సంచి పై జేబులో ఉండాలి. అడుగున ఉంటే తీయడానికి బద్ధకించి లేకుండానే దిగేస్తారు. ఇంటికొచ్చాక గోరువెచ్చటి నీళ్లలో, ఘాటు లేని సబ్బుతో ఉతికి నీడన ఆరేయాలి. నేతలో దూరిన ఇసుక లోపల్నుంచి పోగుల్ని కోస్తుంటుంది కాబట్టి ఇది శుభ్రత కోసం మాత్రమే కాదు. బ్లీచు తగలకూడదు, బ్యాటరీ ఆమ్లం ఉన్న చోట పెట్టకూడదు. ఆరాక మొత్తం పొడవు వేళ్ల మధ్య జార్చి చూడాలి. అంచు పోగు తెగిన చోట, గట్టిపడిన చోట, కాలి మెరుస్తున్న చోట అక్కడికక్కడే కోసేయాలి. పది మీటర్ల కన్నా పొడుగు ముక్క మిగిలితే ఇంకా చిన్న మెట్లకి పనికొస్తుంది. అంతకన్నా తక్కువైతే సంచులు దించడానికి పెట్టుకుని, మనిషి బరువు వేయకుండా చివరన నల్ల రంగు పూయాలి.